తర్వాతి భాగం ఎప్పుడండీ?

నేను ఒకరు వాడి వదిలేశాక ఇంకొకరి చేతికి వచ్చిన ఫోన్‌ని. ప్రస్తుతం ఏలూరులో, సత్తార్ గారి సెల్ షాపులో, ఒక ప్లాస్టిక్ ట్రేలో పడి ఉన్నాను. నా ముందు మరో మూడు ఫోన్లున్నాయి. వాటి పని అయ్యాక సత్తార్ గారు నన్ను తీసుకుని నాలో ఉన్నదంతా తుడిచేస్తారు. ఈలోగా చెప్పగలిగినంత చెబుతాను.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఒక పెద్ద రేకుల షెడ్డులో, జుట్టుకి గుడ్డ కట్టుకున్న అమ్మాయిలు వరసగా కూర్చుని నన్ను బిగించారు. గంటకి ఎన్ని ఫోన్లు తయారయ్యాయో గోడ మీద బోర్డులో అంకెలు మారుతుండేవి. అంకె పెరిగితే ఆ అమ్మాయిల భుజాలు కాస్త సడలేవి, తగ్గితే బిగిసేవి. అంకెల్ని చూసుకుని ఊపిరి పీల్చుకునే మనుషుల్ని తర్వాత కూడా చూస్తానని అప్పుడు అనుకోలేదు.

నన్ను మొదట కొన్నవాడు శేషగిరి, విత్తనాల కంపెనీలో సేల్స్ మనిషి. రెండేళ్ళు ఆయన చొక్కా జేబులో ఊళ్ళు తిరిగాను. నా అద్దం మూల చిట్లాక ఆయన కొత్తది కొనుక్కుని నన్ను భార్యకిచ్చాడు.

"నీకిది చాల్లే. కథలే కదా రాసుకునేది."

భార్య పేరు హైమావతి. నలభై ఆరేళ్ళు. పిల్లలిద్దరూ కాలేజీ హాస్టళ్ళలో ఉన్నారు. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక భోజనాల బల్ల మీద నన్ను ఉప్పు డబ్బాకి ఆనించి, ఒక్క బొటనవేలితో రాసేది. మొదట్లో రాసిన కథ ఒకటి నాకు బాగా గుర్తు. వాచ్‌మన్ భార్య మేడ మీద అందరి బట్టలూ ఆరేసి, తన చీర ఆరేసుకోవడానికి తీగ మీద జానెడు చోటు వెతుక్కుంటుంది. అంతే కథ. హైమావతి దాన్ని తొమ్మిది రోజులు రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. ఒక కథల యాప్‌లో 'శ్రీహిత' అన్న పేరుతో పెట్టింది. పదకొండు మంది చదివారు. చదివారంటే, తెరిచారు. ఏడు నిమిషాల కథ దగ్గర నాలుగు సెకన్లు ఆగారు. ఆ లెక్క యాప్‌లోనే ఒక మూల ఉండేది గానీ ఆవిడ ఆ మూలకి వెళ్ళలేదు.

అప్పుడే ఆవిడ రచయిత్రుల గ్రూపు ఒకదానిలో చేరింది. ముప్పై రెండు మంది. పెద్దదిక్కు ప్రసూనాంబ గారు.

"హైమా, నీ కథ బాగుంది గానీ ఎవరు చదువుతారు చెప్పు? సీరియల్ మొదలెట్టు. రోజూ ఒంటిగంటన్నరకి పెట్టు, ఆడవాళ్ళు అన్నాలు తిని నడుం వాల్చే వేళ. ప్రతి భాగం చివరా ఎవరో తలుపు కొట్టాలి. ఎవరో చెప్పకూడదు."

ఆ గ్రూపులో పొద్దున్నే అందరూ తమ లింకులు పెట్టేవాళ్ళు. ఒకరి భాగానికి ఇంకొకరు ఐదు స్టార్లు నొక్కి, రెండు మంచి మాటలు రాయాలి. నొక్కని వాళ్ళ పేర్లు సాయంత్రం చదివేవాళ్ళు. ఒకరోజు ఒకావిడ పొరపాటున ఏమీ రాయని ఖాళీ భాగం పెట్టేసింది. దానికి ఇరవై ఎనిమిది మంది ఐదేసి స్టార్లిచ్చారు. 'కళ్ళు చెమర్చాయండీ' అని ఒకావిడ రాసింది. హైమావతి కూడా నొక్కింది.

సీరియల్ మొదలైంది. పది భాగాలకల్లా ఊట ఇంకిపోయింది. 'మీరు మూడు రోజులుగా రాయలేదు. మీ పాఠకులు ఎదురుచూస్తున్నారు' అని యాప్ నా చేత చెప్పించేది. ఆవిడ 'ఆమె' అని రాసి, ఆగి, చెరిపేసేది.

హైమావతికి ఒక చెల్లెలుంది, ఇందుమతి. తణుకులో ఉంటుంది. భర్త కోదండం కాలేజీ లెక్చరరు. అత్తగారు సుందరమ్మ నడుం వాల్చే వేళ ఇందుమతి మేడెక్కి అక్కకి వాయిస్ మెసేజ్ పెట్టేది. పెట్టిన వెంటనే తన ఫోన్లో చెరిపేసుకునేది, సాయంత్రం భర్త చూస్తాడని. నాలో మాత్రం ఉండిపోయేవి.

"అన్నం అడుగంటిందని కంచం విసిరేశాడక్కా. చెవి దగ్గర తగిలింది. ఏం పర్లేదులే. అమ్మకి చెప్పకు."

అది విని హైమావతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, ఆ తడి నా అద్దం మీద పడింది. తర్వాత కొంగుతోనే నన్ను తుడిచి, ఆ కంచాన్ని రాయడం మొదలుపెట్టింది. ఇందుమతిని మాలతి చేసింది, సుందరమ్మని మాలతి అత్తని చేసింది, తణుకుని ఒంగోలు చేసింది, లెక్చరర్ని బ్యాంకు గుమాస్తా చేసింది. ఆ భాగాన్ని ఆరొందల మంది చదివారు, నిజంగానే చివరిదాకా. మూడు వారాలకి వాళ్ళు నాలుగు వేలయ్యారు.

ఆ తర్వాత అక్క అడిగే ప్రశ్నలు మారాయి.

"ఆ రోజు ఏ చీర కట్టుకున్నావే?"

"ఎందుకక్కా?"

"ఊరికే."

ఒక వారం ఇందుమతి గొంతు తేలిగ్గా వచ్చింది. "ఈ వారం బానే ఉన్నాడక్కా. నిన్న మల్లెపూలు కూడా తెచ్చాడు." నా కెమెరా హైమావతి ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఆ ముఖంలో ఒక్క క్షణం నిరాశ కనిపించింది. ఆవిడ దాన్ని చూసుకోలేదు. నేను చూశాను.

ఆ సీరియల్ని తణుకులో ఒకావిడ ఒక్క భాగం వదలకుండా చదివేది. 'ఈ అత్తకి పుట్టగతులుండవు. తర్వాతి భాగం ఎప్పుడండీ?' అని పద్నాలుగో భాగం కింద రాసింది. పేరు సుందరమ్మ. మూడొందల మెచ్చుకోళ్ళ మధ్య హైమావతి ఆ పేరు చూడలేదు. వరసగా అన్నిటికీ నొక్కినట్టే దానికీ ఎర్ర గుండె బొమ్మ నొక్కింది.

ఇరవై రెండో భాగంలో స్టీలు క్యారేజీ వచ్చింది. ఇందుమతి పెళ్ళికి మేనమామ చదివించిన క్యారేజీ అది. మూత మీద ఆయన పేరు, పెళ్ళి తేదీ చెక్కించాడు, అందరూ చెక్కించినట్టే. కోదండం దాన్ని మెట్ల మీంచి తన్నాడు. హైమావతి మనుషుల పేర్లన్నీ మార్చింది గానీ మూత మీది అక్షరాలు మార్చలేదు. ఒకసారి మార్చి చూసింది. వాక్యం పేలవంగా అనిపించి మళ్ళీ అసలు పేరూ అసలు తేదీ పెట్టేసింది. ఏ గిన్నె మీద ఎవరి పేరుందో అత్తగార్లు కళ్ళు మూసుకుని చెప్పగలరన్నది ఆవిడకి తెలియనిది కాదు.

మర్నాడు మూడు గంటలకి మెసేజ్ వచ్చింది. నలభై సెకన్లు.

"అత్తయ్య క్యారేజీ మూత తెచ్చి నా ముందు పెట్టిందక్కా. ఫోను చూస్తూ మొదట్నించీ చదివి వినిపించింది. నా చెవి, నా చీర, అన్నీ. ఆయనకి ఫోన్ చేసింది. వస్తున్నాడు. అక్కా, నువ్వా రాసింది? నువ్వు కాదని చెప్పవే."

హైమావతి దాన్ని మూడుసార్లు విన్నది. తిరిగి ఫోన్ చేస్తే అటు మోగలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది, నన్ను చేతిసంచిలో వేసుకుని.

తలుపు సుందరమ్మ తీసింది.

"రండి రచయిత్రి గారూ, కూర్చోండి. కాఫీ తాగుతారా? తర్వాతి భాగం ఎప్పుడండీ?"

ఇందుమతి లోపల్నించి వచ్చింది. సంచిలోంచి నాకు కనిపించలేదు, గొంతే వినిపించింది. నోరు సరిగ్గా తెరవలేని మనిషి గొంతు.

"ముఖం ఏంటే ఇలా అయింది? పద, నాతో వచ్చెయ్."

"వచ్చి?"

"నా దగ్గరుండు. ఇంకెప్పుడూ రాయనే. పిల్లల మీద ఒట్టు."

"ఒట్లెందుకులే. ఇక్కడ నన్ను కొట్టేది ఒక్కడే అక్కా. నువ్వు నాలుగు వేల మందిని పిలిచి చూపించావు. నీతో చెప్పుకుంటే కాస్త తేలికయ్యేది. ఇప్పుడు అదీ లేదు. వెళ్ళు, ఆయనొచ్చే వేళయింది."

తిరుగు బస్సులో, తాడేపల్లిగూడెం దాటాక, హైమావతి నన్ను బయటికి తీసింది. ఇందుమతి అన్న మాటల్ని ఒక్క అక్షరం పోకుండా రాసింది. చదువుకుంది. ఒక మాట ముందుకి జరిపింది. అప్పుడు తన బొటనవేలి కేసి చూసుకుంది. నన్ను ఆపేసి సంచి అడుగుకి తోసింది.

ఇంటికెళ్ళాక సీరియల్ మొత్తం తీసేసింది. ఏమైందండీ, మాలతికి ఏమైందండీ అని పాఠకులు రాత్రంతా మెసేజ్‌లు పెట్టి అడుగుతూనే ఉన్నారు.

ఈ ఉదయం ఇక్కడికి తెచ్చింది. ఒక బటన్ల ఫోన్ తీసుకుంది.

"ఇందులో ఉంచుకోవాల్సినవి ఏవైనా ఉన్నాయామ్మా? ఉంటే చిప్‌లో ఎక్కించిస్తా," అన్నారు సత్తార్ గారు.

"ఏం లేవండీ. అన్నీ తుడిచెయ్యండి."

అలా అంటే పాపం కడిగేసుకున్నట్టే అనుకుంది కాబోలు. ఇందుమతి గొంతు నాలో అరవై మూడు చోట్ల ఉంది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం తగిలింది, ఎక్కడ తగిలింది, అన్నీ ఉన్నాయి. ఆమె తన ఫోన్లో ఒక్కటీ మిగుల్చుకోలేదు. రేపు ఎప్పుడైనా ధైర్యం చేసి ఎవరి ముందైనా నిలబడితే, రుజువేదమ్మా అని అడుగుతారు.

ముందున్న మూడు ఫోన్ల పని అయిపోయింది. సత్తార్ గారు నన్ను తీసుకుని అద్దం మీద దుమ్ము ఊదారు. అన్నీ తుడిచెయ్యాలా, తుడిచాక మళ్ళీ రావు, అని నేనే అడిగాను. ఫోన్లన్నీ అడుగుతాయి, అది మా పని. ఆయన పక్క షాపాయనతో మాట్లాడుతూనే 'సరే' మీద వేలు పెట్టారు.