రెండేసి డిగ్రీలు

సబ్బుల ఫ్యాక్టరీలో వేడినీళ్ల పైపులైను పని జరుగుతోంది. అత్త వెల్డరు, ఇరవై ఏళ్లుగా అదే పని. కోడలు ఫిట్టరు. ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఏడాది, ఈ పనిలో అత్త పక్కన చేరి మూడు వారాలు. ఇద్దరికీ పేచీలేమీ లేవు గానీ, ఇంకా ఒకరి దగ్గర ఒకరు ఆచితూచి మాట్లాడుకుంటారు.

ఆ ఉదయం పైపు పంపు దాకా వచ్చింది కానీ పంపు మూతికి సరిగ్గా ఎదురు నిలవలేదు. పంపును దిమ్మె మీద కూర్చోబెట్టినవాళ్లు కాస్త పక్కకు తిప్పి బిగించారు. కోడలు కొలిచి చూస్తే నాలుగు డిగ్రీల తేడా.

"నాలుగేనా! చైన్ బ్లాక్ వేసి పైపును గొలుసుతో లాగి బోల్టులు బిగించెయ్యండి," అన్నాడు సూపర్‌వైజరు.

"వద్దు సార్," అంది కోడలు. "లాగి బిగిస్తే ఆ బలమంతా పంపు మీద పడుతుంది. నెల తిరక్కుండా కారడం మొదలెడుతుంది."

"నిన్నగాక మొన్న వచ్చి నాకు చెప్తున్నావా?"

కోడలికి అత్త వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. పెద్దవాళ్ల మాటకు అడ్డురాకు అంటుందేమో.

అత్త మాస్కు పైకెత్తింది. "మరి నువ్వెలా చేద్దామంటావే?"

"నాలుగూ ఒక్క అతుకులో తిప్పితే ఎక్కువ అత్తయ్యా. మధ్యలో మూడడుగుల ముక్క పెట్టి, దానికి అటూ ఇటూ అతుకుల్లో రెండేసి డిగ్రీలు పంచుదాం. ఆరంగుళాల పైపేగా, ఒక పక్క ఆరు మిల్లీమీటర్లు ఏటవాలుగా కోస్తే సరిపోతుంది."

"విన్నారుగా సార్. మధ్యాహ్నం దాకా మా జోలికి రాకండి," అంది అత్త.

కోడలు పైపు చుట్టూ కాగితం చుట్టి గీత గీసింది. లైను చివర మూడడుగులు తీసేసి, మిగిలిన కొసను ఏటవాలుగా కోసింది. మధ్య ముక్కకు ఒక కొస నేరుగానే ఉంచి, రెండో కొసను ఏటవాలుగా కోసింది. ముక్కకు అటు లైనునూ ఇటు పంపుకు బోల్టులు పట్టే చక్రాన్నీ ఆనించి, అత్త రెండు అతుకులకూ నాలుగేసి ట్యాకులు, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే వెల్డింగు చుక్కలు, వేసింది. తీరా చూస్తే, మొదటి అతుకు ఎడమకు తిప్పినంతా రెండోది మళ్లీ కుడికి తిప్పేసింది!

కోడలి ముఖం వాడిపోయింది. "నేనే తిరగేసి పెట్టాను. పైపంతా పాడుచేశాను."

"ఏడిశావులే. ట్యాకులు వేసేదే ఊడదీసుకోవడానికి. నీ వయసులో నేను రోజుకు రెండు ఊడదీసేదాన్ని," అంటూ అత్త గ్రైండరు అందుకుంది.

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో బుర్ర కూడా కదిలింది. "ఆగండాగండి! ముక్కకి ఒక కొస నేరుగానే ఉందిగా. సగం చుట్టు తిప్పితే ఏటవాలు ఇటు వస్తుంది. కొత్తగా ఏదీ కోయక్కర్లేదు!"

"చూశావా, నేను గ్రైండరే చూశాను, నువ్వు పైపు చూశావు," అంది అత్త.

ట్యాకులు ఊడదీసి ముక్కను తిప్పి పెట్టారు. పైపూ పంపూ ఎదురెదురుగా నిలిచాయి. అత్త అతుకులు పూర్తిచేసింది. సూపర్‌వైజరు వచ్చి బోల్టులు తనే పెట్టి చూశాడు. ఎనిమిది బోల్టులూ ఉత్త వేళ్లతో తోస్తేనే దూరిపోయాయి.

"అత్తాకోడళ్లు ఒక్కటైతే ఇక మాబోటివాళ్ల మాట చెల్లుతుందా!" అని నవ్వుకుంటూ వెళ్లాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అత్త, వంటింట్లో కూర వండుతున్న కొడుకును పిలిచింది. "ఒరేయ్, నీ పెళ్లాం ఇవాళ సూపర్‌వైజరు చేత ఔననిపించింది తెలుసా!"

"కానీ ముందు నేను తిరగేసి..." అనబోయింది కోడలు. అత్త మోచేత్తో పొడిచింది.

"ఏంటమ్మా తిరగేసింది?" అన్నాడు కొడుకు.

"కూర. నువ్వెళ్లి ఆ పొయ్యి మీదది మాడిపోకుండా తిరగెయ్యి," అని, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది అత్త.