ఎస్తేరమ్మ సాక్ష్యం

పొద్దున తొమ్మిదింటి నుంచి ఎస్తేరమ్మ ఆ ఆసుపత్రి వరండాలో ఒక్క చోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కూర్చోవడం, లేవడం, ఐసీయూ తలుపు అద్దంలోంచి తొంగి చూడటం, మళ్లీ వచ్చి కూర్చోవడం. ఎదురు కుర్చీలోని పెద్దమనిషి రెండుసార్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు. మూడోసారికి విసుగొచ్చి వేరే కుర్చీ చూసుకున్నాడు. ఆయన్ని మాత్రం ఏమనగలం?

లోపలున్నది ఆమె కోడలు ఎలిజబెత్. ఇరవై ఆరేళ్ల పిల్ల. కడుపులో బిడ్డకు ఇరవై రెండు వారాలు. బుధవారం తలనొప్పి అంది. గురువారం కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయంది. శుక్రవారం మన్సూరాబాద్ నుంచి ఎల్.బి. నగర్‌లోని ఈ ఆసుపత్రికి ఆటోలో తెచ్చేసరికి బీపీ నూట ఎనభై దాటింది. చేతులు ఎంతగా ఉబ్బాయంటే, వేలి ఉంగరం సబ్బు రాసినా ఊడి రాలేదు. శనివారం పొద్దున రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని డాక్టర్ విజయదుర్గ బయటికి వచ్చింది.

"మీరు నర్సుగా చేశారట కదండీ. దాచకుండా చెప్పేస్తాను" అంది. ఆవిడది గుంటూరు వైపు మాట. "ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. లివర్ దెబ్బతింటోంది. ఏ క్షణానైనా ఫిట్స్ రావచ్చు. దీనికి మందు ఒక్కటే, కాన్పు చేసెయ్యడం. బిడ్డ మూడు వందల యాభై గ్రాములు కూడా లేదు, బతకదు. ఆగితే ఇద్దరూ దక్కరు. నాలుగింటిలోపు మొదలుపెట్టాలి. అమ్మాయి తెలివిగానే ఉంది, సంతకం తనే పెట్టాలి. పెట్టనంటోంది."

పెట్టనంటోంది! అదీ వచ్చిపడ్డ చిక్కు. ఎలిజబెత్ మొగుడు శాంసన్ హయత్‌నగర్‌లో బస్సు మెకానిక్కు. ఇంజను చప్పుడు విని లోపల ఏం చెడిందో చెప్పగలడు గానీ, పెళ్లాం మొండికేస్తే ఏం చెయ్యాలో అతనికెవరూ నేర్పలేదు. బతిమాలాడు. కోప్పడ్డాడు. ఆఖరికి మంచం కడ్డీ పట్టుకుని ఏడ్చాడు. ఎలిజబెత్ కదల్లేదు.

"అమ్మా, నువ్వు చెప్తే ఇంటది" అన్నాడు బయటికొచ్చి. "నీ మాట ఎప్పుడన్న తీసేసిందా? పో, జర చెప్పు."

ఎస్తేరమ్మ లోపలికి వెళ్లి కోడలి తల నిమిరింది. "సంతకం పెట్టు బిడ్డా. నువ్వుంటే మల్ల పిల్లలయితరు."

"రెండు వారాలు ఆగుతా అత్తమ్మా" అంది ఎలిజబెత్. నాలుక తడారిపోయి మాట మెల్లగా వస్తోంది. "ఇంకో రెండు వారాలయితే పుట్టినంక జరంత సేపన్నా ఊపిరి తీసుకుంటదంట. గంతే చాలు నాకు. బతకకున్నా మంచిదే. నువ్వు పక్కన ఉంటవు గద, నీళ్లు పోస్తవు. కుసుమకుమారి బిడ్డకు పోసినట్టు."

ఎస్తేరమ్మ చేయి కోడలి నుదుటి మీదే ఆగిపోయింది.

కుసుమకుమారి బిడ్డ సంగతి దిల్‌సుఖ్‌నగర్ లూథరన్ సంఘంలో తెలియని ఆడమనిషి లేదు. ముప్ఫై ఏళ్ల కింద ఎస్తేరమ్మ నల్గొండ వైపు ఒక మిషన్ దవాఖానలో నర్సు. లూథరన్లు పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు. పాస్టర్ అందుబాటులో లేక, బిడ్డ ప్రాణం మీదికొస్తే, విశ్వాసి ఎవరైనా సరే నీళ్లు పోసి బాప్తిస్మం ఇవ్వొచ్చు; ఊపిరి పోయాక మాత్రం ఇవ్వకూడదు. కుసుమకుమారికి ఏడో నెలలోనే కాన్పయింది. అక్కడి పాస్టరయ్యగారు పక్క ఊరికి వెళ్లారు. ఇరవై నాలుగేళ్ల ఎస్తేరు స్టీలు గిన్నెలో నీళ్లు తెచ్చి, తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర మూడు దోసిళ్లు పోసింది. మూడో దోసిలికి బిడ్డ కళ్లు తెరిచి, తల్లిని చూసి, ఊపిరి వదిలాడు. ఇదీ సాక్ష్యం.

ఏటా స్త్రీల సమాజం మీటింగులో ఈ సాక్ష్యం ఆమె చెప్పాల్సిందే. చివర్న, "అమ్మలారా, కడుపుల పడ్డ నలుసు గూడ దేవుని సొత్తే, తీసెయ్యడానికి మనమెవరం" అని ముగించేది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకునేవారు. ఊరికే ఏడ్చి వెళ్లిపోయారనుకునేరు! కడుపు తీయించుకుందామని తేదీ కూడా ఖాయం చేసుకున్న ఇద్దరు, ఈ మాట విని మానుకున్నారు. ఆ పిల్లలిద్దరూ ఇప్పుడు సండేస్కూల్లో బెంచీలు ఎక్కి దూకుతుంటారు.

ఎలిజబెత్ పెళ్లయి వచ్చాక ఆ సాక్ష్యం నాలుగుసార్లు వింది.

ఎస్తేరమ్మ గదిలోంచి బయటపడింది. "అయ్యగారిని తోల్కొస్తా" అని కొడుకుతో అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగింది. ఫోన్ చేస్తే పోయేదానికి అంత దూరం ఎందుకు? ఏమోనమ్మా, ఆ వరండాలో ఇంకొక్క నిమిషం ఉండలేకపోయింది, అంతే. మెట్రో ఎక్కి, సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, కోచింగ్ సెంటర్ల పిల్లల మధ్యలోంచి, జామకాయల బండ్ల పక్కనుంచి, ఎవరో "అమ్మా, చూస్కోని నడువు" అని కసిరినా వినిపించుకోకుండా చర్చి సందులోకి తిరిగింది.

పాస్టర్ సుందరయ్యగారు రేపటి ఆరాధనకు కీర్తనల నంబర్లు పలక మీద పెట్టుకుంటున్నారు. ఆమె నిలబడే అంతా చెప్పింది. ఒక్కటి తప్ప అంతా.

ఆయన నంబర్ల పెట్టె పక్కన పెట్టి కూర్చున్నారు. "చూడమ్మా, నరహత్య చెయ్యొద్దన్న ఆజ్ఞ బిడ్డకెంతో తల్లికీ అంతే. వద్దనుకుని తీసేసుకోవడమైతే నేనూ ఒప్పుకోను. ఇక్కడ మిగిలింది, ఒకరినైనా దక్కించుకోవడమా, ఇద్దర్నీ పోగొట్టుకోవడమా అన్నదే. ఇందులో చేతికి మరక అంటకుండా బయటపడే దారి లేదు. ఏడుస్తూ చెయ్యాలి, క్షమాపణ అడుగుతూ చెయ్యాలి, కృపను నమ్మి చెయ్యాలి. దీన్ని చిన్న విషయమని మన సంఘం ఎన్నడూ అనలేదు. అలాగని తల్లిని చావనివ్వమనీ అనలేదు."

"మరి బాప్తిస్మం లేకుండ పోతదని..."

"బాప్తిస్మం వద్దని తోసేస్తే తప్పు. అందకపోతే ఎవరి తప్పమ్మా? దేవుడు మనల్ని నీళ్ల దగ్గరికి రమ్మన్నాడు గానీ, తన కనికరాన్ని తీసుకెళ్లి నీళ్లకు కట్టెయ్యలేదు కదా."

ఎస్తేరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఈ మాటే చాలు. ఇదే మాట అయ్యగారి నోట వింటే ఎలిజబెత్ సంతకం పెడుతుంది. తను ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఎంత ఆశో చూడండి మనిషికి! ఆయన స్కూటర్ వెనక కూర్చుని, కొత్తపేట దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుని చెమటలు కారుతుంటే, "తొందరగ, అయ్యగారూ, తొందరగ" అంటూ ఆయన భుజం మీద తడుతూనే ఉంది.

వాళ్లు చేరేసరికి మూడు కావస్తోంది. ఎలిజబెత్ ముఖం ఇంకా ఉబ్బింది. సుందరయ్యగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చర్చిలో చెప్పిందంతా ఇంకా మెత్తగా చెప్పారు. ఆమె కళ్లు మూసుకుని వింది.

"మీరన్నది సమజయింది అయ్యగారూ" అంది. "కానీ దేవుడు కుసుమకుమారి బిడ్డ ఊపిరి పోకుండ ఆపిండు గద, మా అత్తమ్మ నీళ్లు తెచ్చేదాంక. మూడు దోసిళ్లు అయ్యేదాంక ఆపిండు. ఆయనకు నీళ్లతోని పని లేకుంటే ఎందుకాపుతడు? నా బిడ్డకు మాత్రం ఎందుకాపడు?"

ఆ సాక్ష్యాన్ని సంఘం వార్షికోత్సవ సంచికలో మొదటి పేజీలో వేయించింది ఆయనే. నిస్సహాయంగా ఎస్తేరమ్మ వైపు చూశారు. శాంసన్ కూడా తల్లి వైపే చూశాడు. ఎర్రగీత పడ్డ బీపీ మిషను మాత్రం ఎవరి వైపూ చూడకుండా కుయ్యి కుయ్యిమంటోంది.

ఎస్తేరమ్మ కిటికీ దాకా నడిచింది. వెనక్కి వచ్చింది. మళ్లీ నడిచింది. చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. స్త్రీల సమాజం పోతుంది. పేరు పోతుంది. ఆ సాక్ష్యం విని పిల్లల్ని కన్న ఆ ఇద్దరు తల్లుల ముఖం ఎట్లా చూడటం? చెప్పకపోతే ఏమవుతుందో మంచం మీద కళ్లెదురుగానే ఉంది.

"బిడ్డా" అంది. "గా పిలగాడు కండ్లు తెరవలే."

ఎలిజబెత్ కళ్లు తెరిచింది.

"నేను నీళ్లు పోసేటాలకు సచ్చి అరగంటయింది. నర్సును, నాకు తెల్వదా? కుసుమకుమారి ఒర్లుతున్నది, నీళ్లు పొయ్యి సిస్టర్, నీళ్లు పొయ్యి అని. సచ్చిన బిడ్డకు పొయ్యొద్దని తెల్సు. అయినా పోసిన. కండ్లు తెరిచిండని చెప్పిన. ఆమె ఏడుపాపి పండుకున్నది. తెల్లారి ఆ ఊరి అయ్యగారొచ్చి బాప్తిస్మం పుస్తకంల పేరెక్కిచ్చిండు. ఇంక నోరెట్ల తెరుస్త? మీటింగుల చెప్పమన్నరు, చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపిచ్చింది."

సుందరయ్యగారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. శాంసన్ "అమ్మా..." అని మాత్రం అన్నాడు.

ఎలిజబెత్ చూపు పైకప్పు వైపు తిప్పేసింది. అరుస్తుందేమో అనుకుంది ఎస్తేరమ్మ. అరిచినా బాగుండేది.

"రెండేండ్ల కింద నాకు మొదటిది పోయింది" అంది ఎలిజబెత్. "మూడో నెల. బాత్రూంల. నీళ్లు పోసెటందుకు సుత ఏం లేకుండె. ఎటు పోయిందో నా బిడ్డ అని నిన్ను అడిగితే తల తిప్పుకున్నవ్. వారం రోజులు అన్నం తినలే. గుర్తున్నదా?"

"ఉన్నది."

"ఒక్కటి చెప్పు అత్తమ్మా. గా కుసుమకుమారి కొడుకు దేవుని తాన లేడని ఎన్నడన్న అనుకున్నవా?"

ఎస్తేరమ్మ ఆలోచించింది. ముప్ఫై ఏళ్లలో తన అబద్ధం గురించి భయపడింది, ఆ రిజిస్టర్ గురించి భయపడింది, ఎప్పుడైనా కుసుమకుమారి ఎదురుపడితే ఏం చెయ్యాలా అని భయపడింది. ఆ బిడ్డ గురించి మాత్రం భయపడింది లేదు.

"ఒక్కనాడు గూడ అనుకోలే బిడ్డా. ఆయన తాననే ఉన్నడు."

"మరి నా బిడ్డ గురించి నన్నెందుకు అనుకోనిచ్చినవ్?"

ఎస్తేరమ్మ మంచం కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. పొద్దుటి నుంచి కుదురు లేని మనిషి, ఇప్పుడు లేవమన్నా లేచేటట్టు లేదు. రెండేళ్లు. తన పేరు నిలబెట్టుకోవడానికి ఈ పిల్లను రెండేళ్లు ఏడిపించింది. పరాయి ఆడదాన్నయితే ఒళ్లో పెట్టుకుని, నీ బిడ్డ దేవుడి దగ్గరే ఉందని చెప్పేదేమో!

"పెన్నియ్యిమను" అంది ఎలిజబెత్ మొగుడితో.

ఉబ్బిన వేళ్లకు పెన్ను సరిగ్గా ఆగలేదు. సంతకం వంకరగా పడింది. డాక్టర్ విజయదుర్గ కాగితం తీసుకుని, గడియారం చూసి, వెంటనే పనిలో పడింది. సుందరయ్యగారు ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో ఎవర్నీ తప్పుపట్టలేదు, ఎవర్నీ మెచ్చుకోలేదు. వెళ్లేటప్పుడు ఎస్తేరమ్మ దగ్గర ఆగి, "సమాజం సంగతి తర్వాత మాట్లాడదాం. ఒక్కదానివే మొయ్యకు" అన్నారు.

ఇంజెక్షన్లు పెట్టారు, రక్తం ఎక్కించారు, నొప్పులు మొదలయ్యాయి. ఎలిజబెత్ అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆదివారం పొద్దున పదిన్నరకు కాన్పు గదిలోకి తీసుకెళ్తుంటే, "ఆమెను రానియ్యుండ్రి" అంది డాక్టరుతో. ఎస్తేరమ్మ చెప్పులు విడిచి లోపలికి పరుగెత్తింది.

పెద్ద నొప్పులు కూడా పట్టలేదు. అరచేతిలో ఇమిడే ఆడపిల్ల. గోళ్లున్నాయి, పెదవులున్నాయి, సన్నటి కనుబొమలున్నాయి. నర్సు తెల్లటి గుడ్డలో పెట్టి, ఎస్తేరమ్మ పాత నర్సని ఎవరో చెప్పినట్టున్నారు, ఆమె చేతికిచ్చింది.

"అత్తమ్మా" అని పిలిచింది ఎలిజబెత్, నిన్న మధ్యాహ్నం తర్వాత మొదటిసారి. "ఊపిరున్నదా?"

ఉన్నది అన్న మాట ఎస్తేరమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. ఎంత అలవాటైపోయిన మాటో! ఒక్క మాట, ఒక్క దోసెడు నీళ్లు, పిల్ల ఏడుపాపి పడుకుంటుంది. చూపుడువేలు బిడ్డ ఎదమీద ఆనించి, ఆఖరి అనుమానం కూడా తీరేదాకా ఉంచింది.

"లేదు బిడ్డా" అంది. "లేదు."

ఎలిజబెత్ ముఖం ముడుచుకుపోయింది. గుండెలు పగిలేలా ఏడ్చింది. ఏడుస్తూనే సెలైన్ సూది ఉన్న చేతిని, లేని చేతిని రెండింటినీ చాపింది.

"నా బిడ్డను ఇటియ్యి" అంది.