జున్ను మొదట వెళ్లిన ఇల్లు

గౌలిపురలో లలితమ్మ వాళ్ల గల్లీ పుట్టి నూటయాభై ఏళ్లయిందట. ఆ సంగతి రాతిపలక మీద చెక్కించి, మొదట వచ్చి పాకలు వేసుకున్న ఇళ్ల పేర్లు వరసగా పెట్టాలని పెద్దలు అనుకున్నారు. కాగితం ఎక్కడిది? నవాబుల కాలంలో బర్రెలు తోలుకొచ్చినవాళ్లు చరిత్ర రాసుకుంటూ కూర్చుంటారా? అందుకే రిటైరైన గుమాస్తా వేణుగోపాల్ కలం పట్టుకుని లలితమ్మ దగ్గరికి వచ్చాడు. గల్లీ పెద్ద బాబురావు కూడా వెంట వచ్చాడు.

ఎనభై ఏళ్ల ఆవిడకు అక్షరం రాదు గానీ వరస నోటికొచ్చు. ఆ గల్లీలో బర్రె ఈనితే జున్ను ఇంటింటికీ పంచేవారు. ముందొచ్చిన ఇంటికి ముందు, వెనకొచ్చిన ఇంటికి వెనక. బర్రెలు అమ్ముకునేదాకా లలితమ్మే ఆ జున్ను గిన్నె మోసింది.

"మొదటిది మా తాతల ఇల్లే గద, పెద్దమ్మా?" అన్నాడు బాబురావు.

అవునంటే అయిపోయేది. నలభై ఏళ్లుగా గల్లీ అంతా అదే అనుకుంటోంది. లలితమ్మ మాత్రం నేల చూపులు చూసింది.

అసలు మొదటి ఇల్లు గంపలవాళ్లది. ఆ ఇంటి కోడలు యశోద లలితమ్మ ఈడుదే, నేస్తం. యశోద మొగుడు పోయినప్పుడు, చావు ముట్టిన ఇంటికి ఏడాది జున్ను పంపకూడదని మానేశారు. ఏడాది తిరిగాక తొలి జున్ను ఆ గడపకే ముందు పోవాలి. అప్పుడే ఆ ఇల్లు మళ్లీ అందరిలో కలిసినట్టు. లలితమ్మ బర్రె ఈనిన రోజున, ఏడాదిగా అలవాటైన కాళ్లు వరసలో రెండోదైన బాబురావు వాళ్ల గుమ్మంలోకి నడిచాయి. నాలుగో ఇంటి దగ్గర గుర్తొచ్చి వెనక్కి చూస్తే, యశోద తలుపు దగ్గరే నిలబడి ఉంది. తలుపు వేసుకుంది. లలితమ్మ సిగ్గుతో ఆ గడప తొక్కలేకపోయింది. ఆర్నెల్లకు యశోద ఇల్లమ్ముకుని, పిల్లను తీసుకుని హుస్సేనీ ఆలం బస్తీకి వెళ్లిపోయింది. పదేళ్ల కిందట అక్కడే కన్నుమూసింది. ఆమె వెళ్లిపోయాక గల్లీలో జున్ను వరస బాబురావు ఇంటితోనే మొదలయ్యేది.

"మొదటిది గంపలోళ్లది," అంది లలితమ్మ.

"గిన్నేండ్ల సంది లేని ఇల్లు గిప్పుడేడికెల్లి వచ్చింది?" బాబురావు నవ్వాడు.

"నేనే తప్పించిన, కొడుకా. నా కాళ్లు మర్సిపోయినయి. యశోద ఇల్లు ఏడికీ పోలే."

జరిగిందంతా చెప్పింది. బాబురావు నవ్వు ఆగిపోయింది. వేణుగోపాల్ తలొంచుకుని రాసుకున్నాడు.

గంపలవాళ్ల పేరు ముందు చెక్కించిన పలక పెట్టే రోజుకు రమ్మని యశోద కూతురు కమలకు కబురు చేశారు. కమల రాలేదు. వేణుగోపాల్ వెళ్లి అడిగితే మంచినీళ్లిచ్చి మర్యాదగా చెప్పిందట:

"మా అమ్మ బతికున్నప్పుడు రావాల్సిన పిలుపు, అన్నా. ఇప్పుడు నేనొచ్చి ఏం జేస్త?"

అతను ఆ మాట మెత్తగా మార్చి చెప్పబోయాడు. లలితమ్మ ఒప్పుకోక, ఉన్నదున్నట్టు రెండుసార్లు చెప్పించుకుంది.

"నిజమే అన్నది బిడ్డ," అని గోడకు ఒరిగి కూర్చుంది.