జానెడు ఎక్కువ

జకర్యా వెదురుకు నూనె రాస్తున్నాడు. ఠాణా వెనక బాదంచెట్టు కింద దాన్ని రెండు ఇటుకల మీద పడుకోబెట్టి, పాత బనియన్ గుడ్డతో ఒక్కో కణుపు దగ్గరా ఆగి ఆగి తుడుస్తున్నాడు. చేసేది హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగమే గానీ ఆ తీరు చూస్తే మనవరాలికి తల దువ్వుతున్నాడా అనిపిస్తుంది. పొట్టి మనిషి, బొద్దు మనిషి. మెడ ఉందో లేదో చొక్కా కాలరుకే తెలియాలి. ఎడమ బూటు బయటివైపు అరిగిపోయింది. ఈ ఠాణాలో ఇరవై రెండేళ్లు చేసి ఒక్క దొంగనూ పరుగెత్తి పట్టిన పాపాన పోలేదు. పతకమూ లేదు, మెమో కూడా లేదు.

అది తొంభై రెండు జూన్ ముప్పై. సాయంత్రం అయిదింటికి జకర్యా రిటైరవుతాడు.

ఈ వెదురు సంగతి చెప్పాలి. రెజిమెంటల్ బజార్ వెనక గల్లీలో పీర్ల ఊరేగింపు ఉన్నా, బోనాలకు రంగు కాగితాల తొట్టెలు కదిలినా, ముందుగా జకర్యా దీన్ని నిటారుగా పట్టుకుని గల్లీ పొడవునా నడుస్తాడు. వెనక రెండు మతాల పెద్దలూ నడుస్తారు. చివరనున్న ఎర్రగుడ్డ ఏ తీగకు తగిలితే ఆ తీగ, ఏ బోర్డుకు తగిలితే ఆ బోర్డు పైకెక్కాలి. అది ఎవరిదన్న ప్రశ్నే లేదు. పోలీసు కర్ర కనబడితే పారిపోవలసిన జనం ఈ కర్రకు మాత్రం చాయ్ తెచ్చేవాళ్లు. "నాతోని కొట్లాడకుండ్రి, కట్టెతోని కొట్లాడుండ్రి" అనేవాడు జకర్యా. తాను క్రైస్తవుడు గనుక రెండు పక్షాలూ తనను సమానంగా తిట్టవచ్చనేవాడు.

ఆ యేడు పీర్లూ బోనాలూ దాదాపు ఒక్కసారే వచ్చాయి. ఊళ్లో గాలి కూడా బాగా లేదు. ఇన్నేళ్లు సాఫీగా నడిచిన గల్లీ తన చివరి రోజున కూడా అలాగే నడవాలి. పొద్దున ప్రార్థనలో జకర్యా అడిగింది అదొక్కటే.

నడక పదకొండింటికి మొదలైంది. పీర్ల కొట్టం చూసుకునే ముసలి యాకూబ్ సాబ్ చేతికర్రతో వెనకే వచ్చాడు. కొత్తగా వచ్చిన ఎస్సై నరసరాజు కూడా వచ్చాడు. భీమవరం వైపు కుర్రవాడు, లెక్క అంటే లెక్కే. జేబులో స్టీలు టేపు పెట్టుకొచ్చాడు.

స్టీలు సామాన్లు అమ్మే పర్వతాలు అనే కుర్రాడి దుకాణం దగ్గర ఎర్రగుడ్డ తగిలింది. తండ్రి పోయాక అతను పెట్టించిన కొత్త రేకు బోర్డు అది.

"జెర పైకి జరుపు బిడ్డా," అన్నాడు జకర్యా.

"ఎందుకు జరుపాలె జమేదార్ సాబ్? పదకొండు అడుగులకంటె పైన్నే బిగించిన. కొలుసుకోండ్రి."

నరసరాజు టేపు తీశాడు. బోర్డు కింది అంచు పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. అంతటితో ఊరుకోక వెదురునూ కొలిచాడు. పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు.

"ఠాణా రికార్డులో కర్ర పొడవు పదకొండు అడుగులే ఉందేంటండీ?" అన్నాడు అర్థంకాక.

పర్వతాలు మొహం ఎర్రబడింది. "అంటే ఇన్నేండ్లు దొంగ కట్టె పట్టుకొని తిరిగినవా? ఎవల కోసం పెంచినవ్ గీ జానెడు?" అంటూ యాకూబ్ సాబ్ వైపు చూశాడు. వెనకనున్న నలుగురూ అటే చూశారు. జకర్యా ఇరవై రెండేళ్ల పరువు ఒక టేపు ముక్క మీద వేలాడుతోంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చేలా ఉంది.

దుకాణం లోపలినుంచి పర్వతాలు తల్లి దేవమ్మ బయటికొచ్చింది. వెదురు మీద, పైనుంచి జానెడు కిందికి ఉన్న అతుకును వేలితో చూపించింది. అక్కడ ఒక పాత గుడ్డ బిగించి కట్టి ఉంది.

"ఇది నా చీర కొంగు రా. కట్టింది మీ నాయన. మొదటేడు జకర్యన్న పదకొండే కొలిసిండు. డప్పు కొట్టంగనె పీరు మోసేటోడు ఎగిరిండు, మన తోరణం తెగింది. తలకాయలు పలిగినయ్. మోసేటోడు నిలబడి మోస్తడా? ఎగురుతడు. గందుకే ఈ జానెడు. ఎవలికీ చెప్పకు జకర్యన్నా, చెప్తె ఇంకో జానెడు అడుగుతరు అని మీ నాయననే అన్నడు."

"నాకు సుత మాలూమే," అన్నాడు యాకూబ్ సాబ్ నెమ్మదిగా. "తొట్టెలు మోసేటోళ్లు ఎగరరా? మా కొట్టం ముందటి లైట్లు యేటా గదే కట్టెకు సరిపోను పైకి కడ్తున్న."

పర్వతాలు లోపలికి పోయి స్టూలూ పానా తెచ్చుకుని, తానే ఎక్కి బోర్డు విప్పడం మొదలుపెట్టాడు. నరసరాజు టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. జకర్యా కళ్లు తుడుచుకుని, నూనె చెయ్యి కావడంతో ఇంకా మండించుకున్నాడు. మిగిలిన గల్లీ అంతా వెదురు ఎక్కడా తగలకుండానే సాగింది.

సాయంత్రం దండ వేశారు, శాలువా కప్పారు. బెల్టు, లాఠీ, విజిల్ లిస్టు ప్రకారం అప్పగించాడు జకర్యా. భార్య డోరా టిఫిన్ డబ్బా సంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"వెదురు లిస్టులో లేదండి. మీదే, ఇంటికి తీసుకెళ్లండి," అన్నాడు నరసరాజు.

"బోయిన్‌పల్లిల మా ఇల్లు చాన చిన్నది సార్. ఇది పట్టదు. వచ్చే యేడు మరి ఎవలు నడుస్తరు?"

"నేనే నడుస్తానండి. రికార్డులో తొమ్మిది అంగుళాలు కలిపి రాసేదా?"

జకర్యా గట్టిగా నవ్వాడు. "రాయకుండ్రి సార్. రాస్తె ఇంకో జానెడు అడుగుతరు."

భార్యాభర్తలిద్దరూ బస్సు స్టాపు వైపు నడిచారు. ఆయన అరిగిన బూటు చప్పుడు గేటు దాటాక రోడ్డు మోతలో కలిసిపోయింది.

రైటర్ గది తలుపు మూలన వెదురు నిలబడి ఉంది. పొద్దున రాసిన నూనె దేవమ్మ చీర కొంగులోకి ఇంకి, ఆ ముడి ఇంకా తడిగానే ఉంది.