మార్సెల్ ఇచ్చిన గిన్నె

నేను ఒక పింగాణీ గిన్నెను. మామూలు గిన్నెనని తేలిగ్గా చూడకండి. నాకు అటూ ఇటూ రెండు చెవులున్నాయి, నడుముకి నీలం పట్టీ ఉంది, పొట్ట మీద ఒక మనిషి పేరుంది. చెవులున్నందుకు చాలానే విన్నాను. ఇప్పటిదాకా అడిగినవాళ్ళు లేక ఎవరికీ చెప్పలేదు.

పుట్టింది ఫ్రాన్సులో, పడమటి సముద్రం ఒడ్డున. ఆ ప్రాంతాన్ని బ్రిటనీ అంటారు. బ్రిటన్ అనుకునేరు, అక్కడివాళ్ళు ఆ మాట వింటే మూడు రోజులు మాట్లాడరు. మెత్తటి మట్టితో నన్ను చేసి, బట్టీలో కాల్చి, కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ చేతికిచ్చారు. ఆవిడ సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, నా మీద 'మార్సెల్' అని రాసింది. ఆ దేశంలో ఆ మూల ఇంటింటికీ ఒక అలవాటుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గిన్నెలు, ఎవరి పేరు వాళ్ళ గిన్నె మీద. పొద్దున్నే అందులో పాలు కలిపిన కాఫీ పోసుకుని, ఉప్పు వెన్న దట్టంగా రాసిన రొట్టెను ముంచుకు తింటారు. వెన్న కరిగి కాఫీ మీద చుక్కలు చుక్కలుగా తేలుతుంది. చూసేవాళ్ళకి అదోలా ఉంటుంది గానీ తినేవాళ్ళకి స్వర్గమే.

నన్ను కొన్నది సొలాంజ్. అప్పటికింకా మార్సెల్‌తో పెళ్ళి కాలేదు, గిన్నె మాత్రం ముందే కొనేసింది. నలభై ఒక్క ఏళ్ళు ఆ మనిషి పెదవులు తప్ప మరొకరివి నాకు తగల్లేదు. అతను పోయాక సొలాంజ్ నన్ను కడిగి, తుడిచి, అలమర పై అరలో పెట్టింది. ఒకసారి సొంత కూతురు నన్ను అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రోజు తల్లీకూతుళ్ళు భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

మూడేళ్ళ తర్వాత ఆ ఇంటి మేడగదిలోకి అద్దెకొచ్చాడు పైడిరాజు. మన గాజువాక మనిషే. ఓడల్లో కరెంటు తీగలు లాగే పనికి పధ్నాలుగు నెలల ఒప్పందం మీద వచ్చాడు. నలభై ఆరేళ్ళవాడు, గట్టి మనిషి, నాలుగు ఫ్రెంచి మాటలు చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాడు.

వచ్చిన మర్నాడు పొద్దున్న సొలాంజ్ స్టవ్ మీద కాఫీ కాచి, అలమర వైపు చెయ్యి చూపించి, పోసుకు తాగమని సైగ చేసి, రొట్టె తేవడానికి వీధి చివరికి వెళ్ళింది. ఆవిడ చూపించింది కింది అరలోని తెల్ల గిన్నెల్ని. పైడిరాజు నన్ను దించాడు. అతని తప్పేం లేదు, వాళ్ళ ఊరి లెక్క వేరు. పెళ్ళికో గృహప్రవేశానికో స్టీలు గిన్నె కొని, దాని మీద ఇచ్చేవాళ్ళ పేరు కొట్టించి మరీ ఇస్తారు. పైడిరాజు ఇంట్లో ఏ గిన్నె తిరగేసినా ఏదో ఒక మేనత్త పేరో, బాబాయి పేరో ఉంటుంది. ఆ పేర్లు చదువుకుంటూ అన్నం వండుకుంటారు. అందుకని నన్ను చూసి, ఎవరో మార్సెల్ అనే పెద్దమనిషి ఈ ఇంటికిచ్చిన కానుక కాబోలు అనుకున్నాడు.

సొలాంజ్ రొట్టెతో గుమ్మంలోకొచ్చి నన్ను అతని చేతిలో చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈయన గారి సామాను ఈ పూటే వీధిలో ఉంటుంది అనుకున్నాను నేను. అదే సమయానికి పైడిరాజు తల వెనక్కి వాల్చి, నన్ను జానెడు ఎత్తున పట్టుకుని, కాఫీ ధారగా నోట్లోకి పోసుకున్నాడు. ఒక్క చుక్క కింద పడలేదు. నా అంచు అతని పెదవికి తగల్లేదు.

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఎందుకలా తాగారని అడిగింది. పైడిరాజు చీటీ తీశాడు, అందులో కావలసిన మాట దొరకలేదు, ఫోను తీశాడు, చివరికి చేతులతోనే చెప్పాడు.

"మదాం, ఇది మీ ఇంటి గిన్నె. పరాయి గిన్నెను ఎంగిలి చెయ్యకూడదు." ఆ తర్వాత, తమ ఊళ్ళో గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేరుంటుందని చెప్పి, నా పొట్ట మీది పేరు చూపించి అడిగాడు. "ఇచ్చినాయన ఈయనే కదా? మంచి గిన్నె ఇచ్చారు."

ఎంగిలి అన్న మాటను ఆ దేశపు భాషలోకి ఎలా తెచ్చాడో నాకిప్పటికీ తెలీదు. సొలాంజ్‌కి మాత్రం అర్థమైంది. నా అంచు మీద చివరగా తగిలినవి మార్సెల్ పెదవులు. ఇప్పటికీ అవే. ఆవిడ చాలాసేపు నన్నే చూసింది.

"అవును, ఇచ్చింది ఆయనే," అంది. అబద్ధమాడింది. ఎందుకో నాకు కోపం రాలేదు.

ఆ రోజు నుంచి పొద్దున్నే నన్ను దించి బల్ల మీద పెట్టేది ఆవిడే. అతను ఎత్తి పోసుకునేవాడు. రొట్టె ముంచడానికి మాత్రం పక్కన ఒక తెల్ల గిన్నె. ఒకే కాఫీకి రెండు గిన్నెలు కడగాల్సి వచ్చినా ఆవిడ విసుక్కోలేదు. మార్సెల్ ఆవిడ పోయిన భర్తేనని కొన్నాళ్ళకి తెలిసినా, ఆయనే ఆవిడకిచ్చిన కానుక అనుకున్నాడు పైడిరాజు.

పైడిరాజు ఆ దేశాన్ని ప్రేమించిన తీరు చూస్తే నాకు ముచ్చటేసేది. పెద్ద పెద్ద భవనాలు చూడ్డానికి వెళ్ళనే లేదు. అతనికి నచ్చినవన్నీ చిన్నవి. పొద్దున్నే ఫోనులో భార్య నూకరత్నానికి చెప్పుకునేవాడు. రోజూ వింటే మట్టిముద్దకైనా భాష వస్తుంది, నాకూ అలాగే వచ్చింది.

"ఒలే, ఇక్కడోలు కొట్లోకెల్లగానే ముందు బొంజూర్ అని దండవెడతారే. నాను దండవెట్టకుండా రొట్టడిగితే ఆ కొట్టావిడ ముమ్మారు బొంజూర్ అంది. నాను అన్నాకే రొట్టిచ్చింది."

"మంచిపని సేసింది," అనేది నూకరత్నం. "నీకు ఇన్నాళ్ళకి బుద్ది సెప్పే మనిషి దొరికింది."

వేడి రొట్టె ఇంటికి చేరేలోపు కొస విరుచుకు తినకపోతే అక్కడ రొట్టె కొన్నట్టే కాదని కనిపెట్టాడు. మధ్యాహ్నం రెండు గంటలు కొట్లు మూసేసి అందరూ తీరిగ్గా కూర్చుని తినడం చూసి మొదట నవ్వాడు, తర్వాత తనూ కూర్చున్నాడు. ఆదివారం సంతలో కానాగంత చేపలు కొనుక్కొచ్చి చింతపండు పులుసు పెట్టాడు. సొలాంజ్ కారానికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే, రొట్టెతో గిన్నె అడుగు దాకా ఊడ్చి తినేసింది.

పన్నెండో నెలలో వచ్చింది చిక్కు. తోటి పనివాడు యాన్ ఒక ఆదివారం పొద్దున్న ఇంటికి పిలిచాడు. అక్కడ బల్ల మీద అయిదు గిన్నెలు, వాటి మీద ఇంట్లోని అయిదుగురి పేర్లు, పాలు తాగే పసిదాని పేరుతో సహా. అతిథికి తెల్ల గిన్నె. పైడిరాజు ఆ అయిదు పేర్లూ ఒక్కొక్కటే చదివాడట. మనిషి పోతే ఆ గిన్నె ఏం చేస్తారని అడిగాడట. "అలమరలో ఉంచుతాం. ఎవరూ తాగరు," అన్నాడట యాన్.

మర్నాడు ఫోనులో అతని గొంతు నీరసంగా ఉంది.

"ఎంత పని సేసీసేనే. గిన్నె మీద పేరు ఇచ్చినోడిది కాదు, తాగినోడిది. పోయిన మారాజు గిన్నెలో ఇన్నాళ్ళూ కాఫీ తాగీసేను. ఆవిడ ఒక్క ముక్క అనలేదు."

"మూతెట్టుకోలేదు కదా?"

"లేదే. ఎత్తే పోసుకున్నాను."

"మరింకేటి? ఊరుకో."

ఊరుకోలేకపోయాడు. ఆ పొద్దున్న సొలాంజ్ నన్ను బల్ల మీద పెడితే, రెండు చేతులతో తీసి, కళ్ళకద్దుకుని, పై అరలో పెట్టేసి తెల్ల గిన్నె తెచ్చుకున్నాడు. కళ్ళకద్దుకోవడమంటే ఏమిటో ఆవిడకేం తెలుసు? చచ్చిపోయినవాడి గిన్నె అని తెలిసి రోత పుట్టింది కాబోలు అనుకుంది. పైడిరాజేమో, ఆవిడ ఇన్నాళ్ళూ మనసులో బాధ దిగమింగుకుని తనను భరించింది కాబోలు అనుకున్నాడు. ఇద్దరూ పెదవి విప్పలేదు. ఆవిడ ఎదురుగా కూర్చోవడం మానేసింది. ఆ దేశమంటే అతనికి పొద్దుటి ఆ అరగంటే, అదే పోయింది. సొలాంజ్‌కి మూడేళ్ళ తర్వాత దొరికిన తోడూ అదే. మనుషులు మంచితనంతో కూడా ఒకళ్ళనొకళ్ళు ఇంత బాధపెట్టుకోగలరని నాకప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, కానీ పింగాణీకి అది కుదరదు.

అలా రెండు నెలలు గడిచాయి. ఒప్పందం అయిపోయింది. ఆఖరి పొద్దున్న పైడిరాజు పెట్టె కిందికి దించి, సెలవు తీసుకోవడానికి వంటింట్లోకి వచ్చాడు. బల్ల మీద నేనున్నాను, నిండా కాఫీతో. పక్కన రొట్టె కొస.

"మదాం, వద్దు. ఇది మార్సెల్ గారిది," అన్నాడు. ఆగి, తలొంచుకుని మళ్ళీ అన్నాడు. "తెలీక తాగాను. క్షమించండి. తెలిశాక ముట్టుకోడానికి చేతులు రాలేదు."

సొలాంజ్ అతన్ని ఎగాదిగా చూసింది. రెండు నెలల బరువు ఆవిడ భుజాల మీంచి దిగడం నేను చూశాను.

"మీ ఊళ్ళో గిన్నె మీద ఎవరి పేరుంటుందన్నారు?"

"ఇచ్చినవాళ్ళది."

"అయితే మార్సెల్ ఇచ్చాడు. ఇక ఇది మీ ఇంటి గిన్నె." నన్ను అతని ముందుకు జరిపింది. "సొంత గిన్నెలో ఎత్తి పోసుకోరు కదా. పెదవి ఆనించి తాగండి."

పైడిరాజు రొట్టె కొస ముంచాడు. తర్వాత నా రెండు చెవులూ పట్టుకుని, నెమ్మదిగా పెదవులు ఆనించాడు. మీసం గుచ్చుకుంది. మార్సెల్‌కీ మీసం ఉండేది. ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఇప్పుడు నేను గాజువాకలో స్టీలు గిన్నెల పక్కన ఉన్నాను. పైడిరాజు బేకరీ బన్నుకి వెన్న రాసి నాలో ముంచుతాడు, నూకరత్నం మొహం తిప్పుకుంటుంది. కిరాణా కొట్టుకి వెళ్ళినా ముందు నమస్కారం పెట్టి గానీ పప్పు అడగడు. ఈయనకి ఫ్రాన్సు గాలి తగిలిందని వీధంతా నవ్వుతారు. మొన్న పక్కింటావిడ నా మీది అక్షరాలు చూసి ఇదెవరిచ్చేరని అడిగింది. నూకరత్నం తడుముకోలేదు. "మా బావగారిచ్చేరు," అంది.

సొలాంజ్‌కి అతను ఒక స్టీలు గ్లాసు పంపించాడు, మన పద్ధతిలో తన పేరు కొట్టించి. నిన్న ఆవిడ ఫోటో పంపింది. అలమర పై అరలో, ఒకప్పుడు నేనున్న చోట, ఆ గ్లాసు తళతళలాడుతోంది.

నూకరత్నం మూతి ముడిచింది. "తాగమని పంపితే సూడు, ఎక్కడో ఎత్తున ఎట్టీసింది. నచ్చలేదేటి ఆవిడకి?"

పైడిరాజు ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పేరు నాది కదే. అక్కడ పేరున్నోడిదే గ్లాసు. నా కోసం అట్టేపెట్టింది."

నాలో కాఫీ చల్లారిపోయింది. అయినా అతను పెదవులు ఆనించి అంతా తాగాడు.