పేరు తీసేసిన ముక్క

మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగింటికల్లా జాబితా బొంతపల్లి మందుల ఫ్యాక్టరీకి చేరాలి. నిషితకు కుర్చీలో కుదురు లేదు.

ఆమె పనిచేసే పటాన్‌చెరు కంపెనీ, మందులు కాచే రియాక్టర్ల వేడిని అదుపుచేసే పెట్టెలు తయారు చేస్తుంది. పెట్టెలోని సాఫ్ట్‌వేర్‌లో ఎవరెవరు రాసిన ముక్కలున్నాయో, ఏ షరతుల మీద వాడుకున్నారో అంతా రాసివ్వమని ఫ్యాక్టరీవాళ్లు అడిగారు. సాఫ్ట్‌వేర్‌ను జల్లెడపట్టే స్కానర్ ప్రోగ్రామ్ అలాంటివి నూట నలభై పట్టుకుంది. నూట నలభై ఒకటోది నిషితకే తెలుసు.

మూడేళ్ల కింద నెట్‌లో ఉచితంగా దొరికిన ముక్క అది. రాసినవాడు కోరింది ఒక్కటే, తన పేరు ఉంచమని. కానీ యజమాని విశ్వేశ్వర్‌ది కిరాణా వ్యాపారుల ఇల్లు. పప్పు ఎవరి దగ్గర కొన్నా సంచి మీద తమ దుకాణం ముద్రే పడాలి. ఆ పద్ధతే ఇక్కడికీ తెచ్చాడు. నిషిత నోరు మూసుకుని ఆ పేరు తీసేసి కంపెనీ పేరు పెట్టింది. ఇక స్కానర్‌కు ఏం కనబడుతుంది, దాని మొహం!

ఇవాళ పొద్దున ఆ ముక్కలో లొసుగు ఉందని నెట్‌లో బయటపడింది. బయటివాడెవడైనా నెట్ ద్వారా పెట్టెలోకి దూరి రియాక్టర్ వేడి పెంచేయగలడు. బొంతపల్లిలో ఆ రియాక్టర్ల పక్కనే ఆమె అన్న సాయికిరణ్ డ్యూటీ.

నిషిత ఆ ముక్కను జాబితాలో నూట నలభై ఒకటో వరుసగా చేర్చింది. పక్కన ‘పేరు తీసింది నిషిత’ అని కూడా రాసి విశ్వేశ్వర్‌కు చూపించింది.

“పిచ్చా నీకు? షరతు తప్పినమని మనమే చెప్పుకుంటమా? తీసెయ్, ఆర్డర్ పోతది.”

“ఈ వరుస తీస్తే ఆ పెట్టెలను ఎవరూ బాగుచెయ్యరు సార్. మా అన్న ఆడనే నిలబడి ఉన్నడు.”

విశ్వేశ్వర్ ఆ వరుస మళ్లీ చదివాడు. మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

“సరే, పంపు. గిదొక్కటేనా?”

“నేను తీసింది గిదొక్కటే సార్. మిగతావాళ్ల సంగతి నాకెర్క లేదు.”

గదిలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఆరుగురున్నారు. పదేళ్లుగా పనిచేస్తున్న చంద్రకాంత్ తల దించుకునే చెయ్యెత్తాడు.

“నేను పదకొండు పేర్లు తీసిన సార్.”

వెనక ఇంకో చెయ్యి లేచింది. ఆ వెనక మరొకటి.

నిషిత ఆగలేదు. అక్కడే అన్నకు ఫోన్ కొట్టింది.

“అన్నా, జల్దీ మీ సూపర్‌వైజర్‌కు చెప్పి మా పెట్టె నెట్ వైరు పీకియ్యి.”

“ఏ పెట్టెది?”

ఆమె లేచిన చేతుల వైపు చూసింది.

“మా ముద్ర ఉన్నవన్నీ, అన్నా.”