ఉప్పు లేని నీళ్లు

చేపల బోటు నడిపే సరంగు పెట్టె మూత తీశాడు. వైర్‌లెస్ సెట్టూ ఫోనూ రెండూ సగానికి నీళ్లలో మునిగి ఉన్నాయి.

నీళ్లు చొరబడని పెట్టె అది. మూత చుట్టూ రబ్బరు అంచు, నాలుగు వైపులా కొక్కేలు. సముద్రంలో పడేసినా లోపల పొడిగా ఉంటుందని ఏరికోరి కొన్నారు. అందులో ఇప్పుడు దోసెడు నీళ్లు.

వెనక చెక్కల మీద తమ్ముడు పడి ఉన్నాడు. అరగంట కిందట వల లాగే చక్రంలో తాడుతోపాటు అతని కుడిచెయ్యి నలిగిపోయింది. మేనమామ అతని మోచేతి పైన తాడు బిగించి కట్టినా, గాయానికి చుట్టిన గుడ్డ నెత్తురుతో తడుస్తూనే ఉంది. ఒడ్డుకు ఐదు గంటల దారి. సెట్టులో కబురందితే రక్షణ పడవ ఎదురొచ్చి గంటన్నరలో ఎక్కించుకుంటుంది. అందకపోతే తమ్ముడు ఐదు గంటలు ఆగడని ముగ్గురికీ తెలుసు.

సరంగు ఇంజను పూర్తి వేగంలో పెట్టి, చుక్కాని కట్టేసి, సెట్టును విదిలించాడు. బ్యాటరీ ఊడదీసి, చొక్కాతో తుడిచి, ఇంజను గది వేడిగాలికి పట్టి, మళ్లీ బిగించి మీట నొక్కాడు. చిన్న దీపమైనా వెలగలేదు. ఫోను సంగతి చెప్పనే అక్కర్లేదు. కనుచూపు మేరలో మరో బోటు లేదు.

పొద్దున పెట్టె సర్దింది తమ్ముడే. సరంగు కోపం అటు మళ్లింది. చావుబతుకుల్లో ఉన్నవాడని కూడా చూడకుండా, కొక్కేలు వేశావా లేదా అని అరిచాడు.

తమ్ముడు కళ్లు తెరిచాడు. "వేశాననే అనుకున్నా అన్నా. ఏమో, ఒకటి వదిలేశానేమో. తర్వాత తన్నుదువుగాని, ముందు ఇంటికి తీసుకెళ్లు."

నవ్వబోయాడు గాని పెదవులు కదల్లేదు.

సరంగు పెట్టె వంచి నీళ్లు పారబోయబోతూ ఆగాడు. వేళ్లకు అంటిన నీళ్లు ఇంకా చల్లగా ఉన్నాయి, కెరటం నీటి జిడ్డు లేదు. నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. రబ్బరు అంచంతా తడిమి చూశాడు, ఎక్కడా చెక్కుచెదరలేదు. పెట్టె తన పని తాను చేసింది. లోపలి నీళ్లను ఒక్క బొట్టు కూడా బయటికి పోనివ్వలేదు.

అడుగున, ఛార్జరు వైరు కింద, చిరిగిన ప్లాస్టిక్ సంచి ఒకటి తగిలింది. అందులో చిన్న మందు సీసా.

బోటులో ఉన్నది ముగ్గురే. సరంగు తలెత్తి మేనమామను చూశాడు. ముసలాయన తమ్ముడి చేతిని వదల్లేదు, కళ్లు మాత్రం దించుకున్నాడు.

"వాణ్ణేమీ అనకు అల్లుడూ. వాడు బాగానే మూశాడు. మీరు వలేస్తుంటే నేనే తీశాను. నాకు చక్కెర జబ్బు, మూడేళ్లయింది. రోజూ సూది వేసుకోవాలి, ఆ మందేమో ఎండకి పాడైపోతుంది. చేపల ఐసులో పెడితే మీ కంట పడుతుంది. పడితే, ముసలోడివి, ఇంట్లో కూర్చోమంటారు. అందుకే సంచి నిండా ఐసు ముక్కలేసి, సీసా పెట్టి, ఇందులో దాచాను. నీళ్లు రాని పెట్టె కదా, ఏమవుతుందిలే అనుకున్నా. ఐసంటే నీళ్లేనన్న సంగతి నా బుర్రకి తట్టలేదురా."